గుండీల కొట్టు ముందు గొయ్యి

సందులో అందరూ ఆమెను గుండీలక్క అనే పిలిచేవారు. అసలు పేరు ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. యాభై నాలుగేళ్ళు, పొట్టి మనిషి. మెడలో కొలత టేపు, కొంగున రెండు గుండుసూదులు, నోట్లో ఎప్పుడూ ఒక ప్రశ్న. బస్సులో పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు, దిగేలోపు వాళ్ళు చేసే పనేమిటో, అందులో ఏది కష్టమో, ఏది జనం అనుకున్నంత కష్టం కాదో అన్నీ రాబట్టేసేది. ఆమెతో బయటికి వెళ్ళాలంటే చెల్లెలు ఒక గంట ఎక్కువే చేతిలో ఉంచుకుని బయలుదేరేది.

అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉన్నది ఆ కొట్టు, దాని మీద రెండు గదులు. తండ్రి పెట్టిన కొట్టు. ఎనిమిదడుగుల వెడల్పు, లోపలికి మాత్రం రైలు పెట్టెలా పొడుగు. రెండు గోడల నిండా అరచేతి వెడల్పున చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏముందో తెలియడానికి దాని మొహాన అదే రకం గుండీ ఒకటి బిగించి ఉండేది. సరుకు తెప్పించడం, సర్దడం, బేరాలు చెల్లెలివి. మ్యాచింగ్ చూడటం మాత్రం అక్కది. ఎవరైనా గుడ్డ ముక్క పట్టుకొస్తే దాన్ని గుమ్మంలోకి తెచ్చి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి, లోపలికెళ్ళి ఒకే ఒక్క దారపు ఉండ తీసుకొచ్చేది. రెండోది తియ్యాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నలుపులోనే ఏడు నలుపులున్నాయనేది. ఆ ఏడూ ఎవరికీ కనిపించేవి కావు కానీ, ఆమె ఇచ్చిన దారంతో కుట్టాక కుట్టు ఎక్కడుందో కూడా కనిపించేది కాదు. అందుకే పెద్ద వీధి దర్జీలంతా వెతుక్కుంటూ ఆ సందులోకి వచ్చేవారు.

కొట్టుకెదురుగా పాత సామాన్ల గోదాము ఒకటుండేది. దాన్నెవరో కొన్నారు. వారం తిరక్కుండా నేలమట్టం చేసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండు నిలువుల ఎత్తు నీలం రేకులు నిలబెట్టారు. రేకులకీ కొట్టు మెట్టుకీ మధ్య మిగిలింది నాలుగడుగులు. సంచీ పట్టుకున్న మనిషి ఎదురైతే ఇంకో మనిషి గోడకి అతుక్కోవాల్సిందే. ఆ తర్వాత మొదలైంది మోత. భూమిలోకి ఇనప స్తంభాలు దింపుతుంటే చెవులు చిల్లులు పడేవి. గోడలదిరేవి. పొద్దున్న బిగించిన సొరుగులు సాయంత్రానికి అంగుళం ముందుకు జరిగి, బయటేం జరుగుతోందో తొంగిచూస్తున్నట్టు ఉండేవి.

"నీ బుద్ధే వాటికీ వచ్చింది," అనేది చెల్లెలు, ఒక్కో సొరుగునీ అరచేత్తో వెనక్కి తోస్తూ.

దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. రెండు పూటలా తుడిచినా తెల్ల లేసులు మట్టిరంగు తిరిగేవి. దర్జీలు ఒక్కొక్కరే రావడం మానేశారు. "ఆ సందులో దూరాలంటే ఒళ్ళు తగ్గాలి," అని ఒకాయన కబురు పంపించాడు. వాళ్ళంతా పెద్ద బజారులో, అద్దాల తలుపుల దుకాణంలో కొనుక్కుంటున్నారని తెలిసింది. మధ్యాహ్నాలు ఇద్దరూ ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు.

"మూసేద్దాం అక్కా," అంది చెల్లెలు ఒకరోజు. "నాకు ఓపిక లేదు. రోజంతా దుమ్ము దులపడానికేనా కొట్టు?"

"ఉండవే. అసలెంత లోతు తవ్వుతారో చూశాక ఆలోచిద్దాం."

"లోతు చూసి ఏం చేస్తావ్? దూకుతావా?"

గుండీలక్క నవ్వేసింది కానీ ఆమెకి నిజంగానే కాలు నిలవడం లేదు. రేకులో ఒకచోట మేకు ఊడిన చిల్లుంది. బేరం లేనప్పుడల్లా వెళ్ళి దానికి కన్ను ఆనించేది. ఆ కంతలోంచి కనిపించేది కొంచెమే. పసుపు టోపీలు, ఇనప చువ్వల అడవి, దాని మధ్య రోజురోజుకీ కిందికి దిగిపోతున్న మట్టి గోడ. అంత లోతు తవ్వుతుంటే చుట్టూ ఉన్న మట్టి ఎందుకు జారిపోదు? ఎండాకాలంలో కూడా ఈ ఊళ్ళో ఏ నూతిలోనైనా పది అడుగులకే నీళ్ళుంటాయే, మరి ఇక్కడ గొయ్యి ఎందుకు నిండదు? ఇవి ఆమెకి రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తొచ్చేవి. ఒకసారి కంటి చుట్టూ నీలం రంగు గుండ్రంగా అంటుకుని తిరిగొస్తే, చెల్లెలు కడుపుబ్బ నవ్వి, చాలా రోజుల తర్వాత ఆ మాట ఈ మాట మాట్లాడింది.

అలాంటి రోజుల్లోనే ఆ పొరపాటు జరిగింది.

వాళ్ళని వదలకుండా వస్తున్న దర్జీ ఒకాయనే మిగిలాడు, కోట్లు కుట్టే ముసలాయన. బూడిదరంగు కోటుకి గుండీలు తీసుకెళ్ళినవాడు మర్నాడే తిరిగొచ్చి కోటు బల్ల మీద పెట్టాడు.

"ఏమైందండీ?" అంది గుండీలక్క.

"మీరే చూడండి, అక్కగారూ. ఇక్కడ కాదు, పెద్ద వీధిలోకి తీసుకెళ్ళి చూడండి."

ఆమె కోటు పట్టుకుని సందు దాటి వెళ్ళి చూసింది. బూడిదరంగు కోటు మీద గుండీలు ఆకుపచ్చగా, నాచు పట్టినట్టు కనిపిస్తున్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఆమె చెయ్యి తప్పడం అదే మొదలు. దర్జీ మంచివాడు, మార్చుకుని వెళ్ళిపోయాడు. చెల్లెలు మాత్రం మెల్లిగా అంది: "కళ్ళ డాక్టరుకి చూపించుకోవే. వయసొచ్చింది, తప్పేం లేదు."

ఆ సాయంత్రం గుండీలక్క డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే ఉతికిన తెల్ల గుడ్డ ఒకటి గుమ్మంలో పరిచి దాని ముందు గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసింది. అదే గుడ్డని పెద్ద వీధిలోకి తీసుకెళ్ళి చూసింది. మళ్ళీ తెచ్చి గుమ్మంలో చూసింది. అప్పుడు ఒక్కసారి లేచి రేకుల వైపు తిరిగింది.

"కళ్ళు కాదే! ఇదిగో, ఇది!" అని కేకేసింది. "వెలుతురంతా ఈ రేకులకి తగిలి వస్తోంది. కొట్లోకి నీలం వెలుతురు వస్తోంది మనకి. తెల్ల గుడ్డ కూడా నీలంగానే ఉంది, మన కంటికి అలవాటైపోయి తెలియడం లేదు!"

చెల్లెలు వచ్చి చూసింది. ఆమెకి గుడ్డ తెల్లగానే కనిపించింది. అయినా అక్క మొహంలో వెలుగు చూసి, "అవును, కొంచెం నీలంగానే ఉంది," అంది.

అప్పట్నుంచి గుండీలక్క మ్యాచింగ్ చూడటానికి సందు చివరికి వెళ్ళేది. రేకులు అయిపోయే చోట, మురిక్కాలవ పక్కన, ఒక ముక్కాలిపీట వేసుకుని దారాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అక్కడ వెలుతురు శుభ్రంగా ఉండేది. అక్కడే రేకుల కిందనుంచి లావాటి గొట్టం ఒకటి బయటికి వచ్చి, పగలూ రాత్రీ కాలవలోకి నీళ్ళు పోస్తుండేది. దాని పక్కన ఇంకో పీట మీద పంపు చూసుకునే పెద్దాయన కూర్చుని ఉండేవాడు. అరవై దాటిన మనిషి, మితభాషి. గుండీలక్క పక్కన ఎవరూ ఎక్కువ కాలం మితభాషిగా ఉండలేరు.

"అన్నయ్యా, ఈ నీళ్ళెక్కడివి?"

"గోతిలోవమ్మా."

"గోతిలో నీళ్ళు కనిపించడం లేదుగా. నేను చూశాను, చిల్లులోంచి."

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "గోతిలోకి రాకముందే లాగేస్తున్నాం. చుట్టూ పది బోర్లు దింపాం. భూమి కింద ఇసుకలో ఉండే నీళ్ళని అవి లాగేస్తుంటే గొయ్యి పొడిగా ఉంటుంది."

"అంటే మా కొట్టు కింద నీళ్ళు కూడా వస్తున్నాయా?"

"వస్తాయి మరి. భూమి కింద మీదీ మాదీ ఏముంది?"

"నీళ్ళతో పాటు ఇసుక రాదా?"

అక్కడ పెద్దాయన పీట కొంచెం ఇటు జరుపుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఆయనకి తగల్లేదేమో. ఒక్కో గొట్టానికీ అడుగున జల్లెడ ఉంటుందనీ, అది నీళ్ళని రానిచ్చి ఇసుకని ఆపుతుందనీ చెప్పాడు. రోజూ పొద్దున గాజు గ్లాసుతో నీళ్ళు పట్టి ఎండకి ఎత్తి చూస్తానన్నాడు. "నీళ్ళు ఎన్నొచ్చినా భయం లేదమ్మా. మట్టి రాకూడదు. మట్టి వచ్చిందంటే ఎక్కడో భూమి ఖాళీ అవుతున్నట్టు." ఆయన గ్లాసు ఎత్తాడు. ఆమె కూడా చూసింది. అద్దంలా ఉన్నాయి.

తర్వాత రోజూ అదొక అలవాటైంది. ఆయన గ్లాసు ఎత్తేవాడు, ఆమె "అద్దం" అనేది. ఆమె గుడ్డ ముక్క పక్కన రెండు దారాలు పట్టుకుని ఏది దగ్గరో అడిగేది, ఆయన ప్రతిసారీ తప్పు చెప్పేవాడు.

రెండు నెలల తర్వాత పెద్దాయన తమ్ముడికి ఒంట్లో బాగోలేదని సెలవు మీద వెళ్ళాడు. ఆయన స్థానంలో వచ్చిన మనిషి పంపు ఆగకుండా చూసుకునేవాడు, అంతే. గ్లాసు పైపు మీద బోర్లించి అలాగే ఉంది.

ఒక మంగళవారం గుండీలక్క తెల్ల చొక్కా ముక్కకి దారం వెతుకుతోంది. చేతిలో దారం, దాని వెనక గొట్టంలోంచి పడుతున్న నీళ్ళు. ఎందుకో దారం కంటే నీళ్ళ మీదే చూపు నిలిచింది. అవి నిన్నటి నీళ్ళు కావు. బురద అనడానికి లేదు, మురికి అనడానికీ లేదు. పెట్టెలోంచి ఒక్కో తెలుపూ తీసి పక్కన పెట్టి చూసింది. పాలతెలుపు కాదు. దంతపు తెలుపు కాదు. దానికింకో మెట్టు కింద, పాత కాయితం రంగు. నీళ్ళకి రంగొచ్చింది.

"బాబూ, నీళ్ళు మారాయి చూశావా?"

కొత్త మనిషి వంగి చూశాడు. "బాగానే ఉన్నాయిగా."

నిజమే, మామూలు కంటికి బాగానే ఉన్నాయి. ఆమె కొట్టుకెళ్ళి, గుండీలు పోసుకునే గాజు సీసా ఒకటి ఖాళీ చేసి, నీళ్ళు పట్టి బల్ల మీద పెట్టింది. మర్నాటికి నీళ్ళు తేటబడ్డాయి. అడుగున మాత్రం గోరు అంచంత మందాన సన్నటి ఇసుక. బుధవారం ఇంకో సీసా పట్టింది. గురువారం ఇంకోటి. కాయితం ముక్క మీద వారం పేరు రాసి ఒక్కో సీసాకీ అంటించింది. శుక్రవారంది కూడా తేటబడేసరికి సీసాలు నాలుగయ్యాయి. ఇసుక గీత మెట్లు ఎక్కుతున్నట్టు ఒకదాన్ని మించి ఒకటి పెరిగింది.

"బేరాలు లేక ఇప్పుడు నీళ్ళు అమ్ముతున్నావా?" అని మొదలుపెట్టిన చెల్లెలు, సీసాల వరస చూసి మాట మధ్యలో ఆపేసింది. "ఏంటే ఇది?"

"మన కొట్టు కింద నేల," అంది గుండీలక్క.

ఇద్దరూ చెరో రెండు సీసాలు పట్టుకుని రేకుల గేటు దగ్గరికి వెళ్ళారు. కాపలా మనిషి ఆపాడు. చెల్లెలికి ముక్కు మీద కోపం. ఆ రోజు అది బాగా పనికొచ్చింది. గొడవ విని ఇంజనీరే బయటికొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, నిద్ర చాలని కళ్ళు.

"అమ్మా, దుమ్ము గురించైతే ఆఫీసులో కాయితం రాసివ్వండి."

"దుమ్ము గురించి కాదు నాయనా, నీళ్ళ గురించి."

"మొన్న వాన పడింది కదండీ, అందుకని కొంచెం—"

"వాన సోమవారం పడింది. ఇది మంగళవారం సీసా. ఇది శుక్రవారంది. వాన వల్లే అయితే తగ్గుతూ రావాలి కదా, పెరుగుతుందెందుకు?"

ఇంజనీరు సీసా అందుకున్నాడు. ఒకసారి వంచి, ఇసుక జారడం చూశాడు. రెండో సీసా అందుకున్నాడు. తర్వాత నాలుగు సీసాలూ గేటు పక్క గోడ మీద వరసగా పెట్టి వాటి ముందు నిలబడిపోయాడు.

"ఇవి ఎవరు పట్టమన్నారమ్మా మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదు. తెలుసుకుందామని."

అతను వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పది బోర్లకీ ఒక్కోదానికి విడిగా నీళ్ళు పట్టించాడు. తొమ్మిది అద్దంలా ఉన్నాయి. ఏడో బోరు నీళ్ళు మాత్రం టీ రంగులో వచ్చాయి. కింద దాని జల్లెడ చిరిగిపోయింది. ఏడో బోరు సరిగ్గా గుండీల కొట్టుకెదురుగా ఉంది.

ఆ బోరు వెంటనే ఆపేశారు. ఇద్దరు మనుషులు సందులోకొచ్చి, కొట్టు మెట్టు ముందు రాళ్ళ మీద ఇనప కడ్డీతో తడుతూ నడిచారు. టక్, టక్, టక్. రేకుకి రెండడుగుల దూరంలో చప్పుడు మారింది. డబ్బా మీద కొట్టినట్టు బోలుగా మోగింది. ఇంజనీరు అందర్నీ వెనక్కి జరగమని, నడుముకి తాడు కట్టించుకుని ఒక్క రాయి లేపాడు. కింద నేల లేదు. టార్చి వేస్తే మూడు బీరువాలు పట్టేంత చీకటి, దాని అడుగున మెరుస్తున్న తడి ఇసుక. ఆ రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని గాల్లో నిలబడున్నాయి. కోట్ల దర్జీ రోజూ నిలబడి గుడ్డ ముక్క చూపించేది వాటి మీదే.

చెల్లెలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క మాత్రం మెడ చాచి, "ఇంకొంచెం ఎడమకి వెయ్యి బాబూ టార్చి, ఆ మూల ఎంత దూరం పోయిందో చూద్దాం," అంటోంది.

"నీకు భయం లేదా?" అంది చెల్లెలు.

"రాత్రికి భయపడతాను. ఇప్పుడు చూడనీ."

నిజంగానే ఆ రాత్రి ఆమెకి వణుకొచ్చింది. చెల్లెలు పక్కమీద కూర్చుని తెల్లవారే దాకా వీపు రాస్తూనే ఉంది.

ఖాళీ పూడ్చడానికి, కొట్టు పునాది కింద సిమెంటు పాలు దింపడానికి నెల పట్టింది. అన్నాళ్ళూ కొట్టు తెరవకూడదన్నారు. చెప్పకుండా ఉంటే కొట్టు తెరిచి ఉండేదని ఒకరోజు చెల్లెలు విసుక్కుని, వెంటనే నాలిక్కరుచుకుంది. ఇంజనీరుకి వాళ్ళ మొహం చూడటానికి ఇబ్బందిగా ఉండేది. పైవాళ్ళతో మాట్లాడి, పనివాళ్ళు కాయితాలు పెట్టుకునే ఇనప గది ఒకటి ఖాళీ చేయించి, పెద్ద వీధి మొగలో పెట్టించాడు. పనివాళ్ళు సొరుగులు ఒక్కోటీ పసిపిల్లల్లా ఎత్తుకొచ్చి అందులో పేర్చారు. ఏ సొరుగు ఎక్కడ పెట్టాలో చెప్పలేక చెల్లెలి గొంతు పోయింది.

ఆ ఇనప గదిలో కొట్టు పది నెలలు నడిచింది. నెల దాటాక తిరిగి సందులోకి వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళూ అడగలేదు. పెద్ద వీధి కాబట్టి దారినపోయేవాళ్ళు ఆగేవారు. పనివాళ్ళు చొక్కాలకి గుండీలు, గుడారపు గుడ్డకి లావు దారాలు కొనేవారు. మూసేద్దామన్న చెల్లెలే అక్కడొక కుర్చీ వేసుకుని, నిలబడ్డవాళ్ళని నిలబడ్డట్టే గుండీ కుట్టి పంపడం మొదలుపెట్టింది. పంపు పెద్దాయన తిరిగొచ్చి, జరిగిందంతా గుండీలక్క నోట విన్నాడు. తర్వాత ఆమెను తనతో గోతిలోకి తీసుకెళ్ళాడు. నెత్తిన పసుపు టోపీ, చెప్పులకి బదులు పెద్ద బూట్లు, నూట పన్నెండు మెట్లు. అడుగుకి చేరాక ఆమె పైకి చూసింది. ఆకాశం తలుపంత ఉంది. మట్టి గోడని చేత్తో తాకి, అరచెయ్యి దులుపుకోకుండానే పైకొచ్చింది.

భవనం లేచింది. రేకులు తీసేశారు. కొట్టు మళ్ళీ సందులోకి చేరింది. పోయిన దర్జీలందరూ తిరిగి రాలేదు; సగం మంది అద్దాల తలుపుల దగ్గరే ఉండిపోయారు. దానికి తోడు కొత్త చిక్కొకటి. తొమ్మిదంతస్తుల నీడ పొద్దున్నే కొట్టు మీద పడుతుంది. పదకొండింటికి గానీ ఎండ సందులోకి దిగదు, రెండింటికల్లా వెళ్ళిపోతుంది. అక్కచెల్లెళ్ళు ఆలోచించి గుమ్మానికి ఒక బోర్డు తగిలించారు: "మ్యాచింగ్ చూసే వేళలు పదకొండు నుంచి రెండు." ఇదేం ఆస్పత్రా అని జనం నవ్వారు. కోట్ల దర్జీ మాత్రం రోజూ పదకొండుకి ఠంచనుగా వచ్చేవాడు. రాను రాను ఇంకొందరు చేరి, ఆ మూడు గంటలూ సందులో వరస కట్టసాగారు. తక్కిన వేళల్లో కొట్టు పల్చగానే ఉండేది. పెద్ద రాబడి లేదు, మూసెయ్యాల్సిన అవసరమూ లేదు.

పొద్దున పూట గుండీలక్కకి పనేమీ ఉండదు. ఈ మధ్య వంతెన అవతల ఏదో కొత్తగా తవ్వుతున్నారట. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. నీళ్ళ గొట్టాలని కొందరు, కాదని కొందరు. పదింటికి ఎవరైనా కొట్టుకొచ్చి అక్కగారు లేరా అని అడిగితే, చెల్లెలు సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే చెబుతుంది:

"పని మీద వెళ్ళిందండీ. పదకొండుకి వస్తుంది. కూర్చోండి."